శీఘ్రలేఖనము - తెలుగు అక్షరము

బృహస్పతివారము అను ఏడక్షరముల మాట రాయలసీమలోను, దానిని ఆనుకొనియున్న ప్రాంతములలోను బేస్తవారమై ఐదక్షరములకు కుదిసినది. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతమునకు చెందిన బేస్తవారిపేట పేరిలోని పూర్వపదమును ఈ వారనామముతో సంబంధించి చూచుట సహజము. నోరు తన శ్రమను తగ్గించుకొనుటకై మాటను కుదించినది. వినువానికి అర్థలోపము కలుగలేదు. చేయియు ఇట్టి పొదుపునే కోరును. నోరు పలుకునంతలో చేయి వ్రాయవలెనన్నచో ఏది విడువదగును, ఏది విడువరాదు అను ప్రశ్నయే శీఘ్రలేఖనమునకు మూలము.

స్టెనోగ్రఫీ యనియు షార్ట్‌హ్యాండనియు వ్యవహరింపబడు ఈ విద్యను మనవారు చిరకాలముగా ఉద్యోగవిద్యగానే ఎరుగుదురు. ఒకరు చెప్పగా వేరొకరు గుర్తులలో దించుకొని, పిదప టైపు చేయుట దీని వాడుక. కాని స్టెనో యంత్రము కంప్యూటరుతో కలిసిన పిమ్మట ఇది టైపు చేయుటకే ఒక త్వరితమార్గమైనది. ఆ మార్గమెట్లు పనిచేయునో, దానిని అభ్యసించు క్రమమెట్టిదో వివరించి, తెలుగునకు అది ఎంతవరకు పొసగునో ఈ వ్యాసమున పరిశీలింపదలచినాము. ఈ పరిశీలనమున మేము గ్రహించిన ప్రమాణము ఒక్కటియే: పలికినవాని మాట పలికినట్లు నిలుచునా లేదా?

వేగపు వ్రాత మనకు క్రొత్త కాదు

వ్యాసుడు చెప్పుచుండగా వినాయకుడు గంటము ఆపకుండ వ్రాసెనను కథ భారతపు కొన్ని పాఠములలో కలదు. పూనా భాండార్కరు సంశోధనసంస్థవారి పరిష్కృత ప్రతిలో దానిని మూలమునుండి తొలగించిరి. కథ ప్రక్షిప్తమైనను అందలి భావన గమనింపదగినది. అందు లేఖకుని చేయి కవి నోటికన్న వేగమైనది. అతనిని నిలుపుటకై కవి నడుమనడుమ కఠినశ్లోకములను వేయవలసివచ్చినది. మన శతఘంటకవనమున దీనికి విపర్యయము కానవచ్చును. అచట కవి నోరు వేగమైనది, గంటము మందమైనది. ఒక లేఖకుడు ఒక చరణము వ్రాసికొనులోపల కవి మరియొకనికి వేరొక పద్యమందు చరణము చెప్పును. ఒక నోటికి నూరు చేతులు కావలసివచ్చినవి. పలుకునకును వ్రాతకును గల అంతరమును ఇంతకన్న చక్కగా చూపు నిదర్శనము వేరొకటి లేదు.

కాగితమును కలమును వాడుకలోనికి వచ్చిన పిదప మన కరణములు గొలుసుకట్టు వ్రాతను అలవరచుకొనిరి. కలమెత్తకుండ అక్షరమునుండి అక్షరమునకు సాగుట, మాటకును మాటకును నడుమ ఎడము పాటింపకుండుట, తలకట్టును తరువాతి అక్షరపు మొదలుతో కలిపివేయుట దాని లక్షణములు. పశ్చిమ ప్రకాశమనబడు ఈ తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలోనివి. ఆ జిల్లాయందేమి, తక్కిన ఆంధ్రదేశమందేమి, భూమిలెక్కలును క్రయపత్రములును ఈ వ్రాతలోనే నడచినవి. వ్రాయువానికి వేగము కలిగినదేగాని చదువువానికి శ్రమ మిగిలినది. 1984లో వంశపారంపర్య గ్రామోద్యోగములు రద్దయిన తరువాత ఆ వ్రాతను తడుముకొనకుండ చదువగలవారు నానాటికి అరుదైరి. వేగముగా వ్రాయబడినది ఇతరులకు దుర్గ్రహమైనచో ఆ వేగమునకు సగము విలువయే యుండును. శీఘ్రలేఖనపద్ధతులన్నిటికిని ఇది సామాన్యమైన చిక్కు.

పిట్మను పద్ధతియు పరుషసరళములును

పాశ్చాత్యులలో శీఘ్రలేఖనము మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దియందు రోమక వక్త సిసెరో విడిచిపుచ్చిన దాసుడు టైరో రూపొందించిన గుర్తులు మధ్యయుగమువరకు వాడుకలో నుండినవి. ఆధునికయుగమున ఐజాకు పిట్మను 1837లో ప్రకటించిన పద్ధతి మనదేశమునకు వచ్చి, కార్యాలయములయందును న్యాయస్థానములయందును స్థిరపడినది.

పిట్మను చేసిన ముఖ్యమైన పని వర్ణక్రమమును విడిచి ధ్వనిని పట్టుట. ఆంగ్లమున ఒక మాటను వ్రాయుటకు పట్టు అక్షరములు పెక్కు, పలుకుటకు పట్టు ధ్వనులు కొన్ని. ఆ కొన్నింటికే ఆతడు గుర్తులు కల్పించెను. ఆ కల్పనలోని ఒక యుక్తి తెలుగు వ్యాకరణము చదివినవారికి వెంటనే స్ఫురింపదగినది. ప-బ, ట-డ, చ-జ, క-గ అను జంటలలో ప్రతి జంటకును రేఖ ఒక్కటియే. సన్నగా గీచిన అది పరుషము, లావుగా గీచిన సరళము. చిన్నయసూరి బాలవ్యాకరణమున పరుషములని, సరళములని విభజించి చెప్పిన ధ్వనిభేదమే ఇచట కలము ఒత్తిడిలోనికి దిగినది. వాడు కొట్టె అనునది వాడుగొట్టె అగునపుడు రేఖ మారదు, మందము మాత్రమే మారును. గసడదవాదేశమునందు క-గలకును, ట-డలకును గల బంధుత్వము గుర్తులోనే కంటికి కనబడును. ఈ పద్ధతి మూలతత్త్వము తెలుగునకు పరాయిది కాదని చెప్పుటకు ఇది చాలును.

తెలుగు షార్ట్‌హ్యాండు మనకు పరీక్షావిషయముగా నున్నది. రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఆంగ్లమునందును తెలుగునందును టైపునకు, షార్ట్‌హ్యాండునకు పరీక్షలు జరుపుచున్నది. 1966 నాటి అధికారభాషా శాసనము తరువాత తెలుగు టైపిస్టులును స్టెనోగ్రాఫరులును కావలసివచ్చినందున పట్టణములలో టైపు ఇన్‌స్టిట్యూట్లు పెంపొందినవి. చేతి షార్ట్‌హ్యాండులో శ్రమ రెండింతలని అచట అభ్యసించినవారెల్ల ఎరుగుదురు. వ్రాసికొనుట ఒక పని. దానిని చదివి టైపు చేయుట మరియొక పని. పైగా నోటుపుస్తకములోని గుర్తులను వ్రాసినవాడే చదువవలెను. గొలుసుకట్టు చిక్కు ఇచటను తప్పలేదు.

టైపు: మీటకొక గుర్తు

టైపుయంత్రపు సూత్రము మిగుల సులభమైనది. ఒక మీట, ఒక గుర్తు. ఒకదాని తరువాత మరియొకటి. 1874లో రెమింగ్టను సంస్థ విక్రయింపసాగిన యంత్రమునుండి నేటి కంప్యూటరు కీబోర్డు వరకు ఈ సూత్రము మారలేదు. మన సాంకేతిక పరీక్షలలో ఆంగ్ల టైపునకు లోయరు గ్రేడున నిమిషమునకు 30 మాటలు, హయ్యరు గ్రేడున 45 మాటలు కొలతగా నుండుట ప్రసిద్ధము. మాటలాడువాని వేగము దీనికి మూడింతలకు పైగా నుండును.

తెలుగునకు ఈ సూత్రము మరింత భారమైనది. టైపుయంత్రమున సుమారు తొంబది గుర్తులకు మించి చోటు లేదు. మన హల్లులు, గుణింతపు గుర్తులు, ఒత్తులు అందు ఇమిడించుటకై అక్షరమును తునకలుగా విరుగగొట్టి, తునకలను కూర్చి ముద్రింపవలసివచ్చినది. కంప్యూటరు యుగమున ఇన్‌స్క్రిప్టు కీబోర్డును, 1991లో వెలువడిన యూనికోడును ఈ తునకలను తొలగించి ధ్వనిక్రమమును నిలిపినవి. ఇది గొప్ప మేలు. అయినను నొక్కుల సంఖ్య తగ్గలేదు. వచ్చుచున్నాడు అను మాటను తీసికొందము. చెవికి ఇది ఐదక్షరములు: వ, చ్చు, చు, న్నా, డు. ఇన్‌స్క్రిప్టున దీనిని వ్రాయుటకు హల్లులు, పొల్లు గుర్తులు, గుణింతపు గుర్తులు కలిసి పదుమూడు నొక్కులు కావలెను. చెవికి ఐదు, వ్రేలికి పదుమూడు. ఈ అంతరమే స్టెనో యంత్రము పూడ్పదలచిన అగడ్త.

స్టెనో యంత్రము పనిచేయు తీరు

స్టెనో యంత్రపు సూత్రము ఒక్కసారి పెక్కు మీటలు నొక్కుట. హార్మోనియముపై స్వరములను కలిపి పలికించునట్లు, ఒక్క నొక్కులో ఒక అక్షరమును, అనగా ఒక పలుకుతునకను, సంపూర్ణముగా దించుట దీని పద్ధతి. ఇటలీలో ఆంతోనియో మికేలా నిర్మించిన ఇరువది మీటల యంత్రము 1880 నుండి ఆ దేశపు సెనేటున ప్రసంగములను వ్రాయుటకు వినియోగింపబడినది. అమెరికాలో వార్డు స్టోను ఐర్లండు ఇరువదవ శతాబ్ది రెండవ దశకమున రూపొందించిన యంత్రము నేటి ఆంగ్ల స్టెనో కీబోర్డునకు మాతృక.

ఆ కీబోర్డున సంఖ్యలకైన పట్టీ కాక ఇరువదిరెండు మీటలు కలవు. ఎడమచేతి నాలుగు వ్రేళ్ళకు ఏడు మీటలు. ఇవి పలుకు మొదటనుండు హల్లులకు. నడుమ బొటనవ్రేళ్ళకు నాలుగు మీటలు, ఇవి అచ్చులకు. కుడిచేతి వ్రేళ్ళకు పది మీటలు. ఇవి పలుకు చివరనుండు హల్లులకు. మిగిలిన నక్షత్రపు మీట తప్పిన నొక్కును చెరుపుటకు. పిల్లియను అర్థముగల క్యాట్ అను ఆంగ్లపదమునకు ఎడమచేతి కె, బొటనవ్రేలి ఎ, కుడిచేతి టి ఒక్కసారిగా నొక్కిన చాలును. మూడు మీటలు, ఒక్క నొక్కు.

ఏడు మీటలతో ఆంగ్లహల్లులన్నియు ఎట్లు తీరును అని ప్రశ్నింపవచ్చును. లేని ధ్వనిని ఉన్న మీటల కలయికతో సాధింతురు. ఎడమచేతివైపు డ-కారమునకు మీట లేదు. టి, కె మీటలను కలిపి నొక్కిన అది డ-కారమగును. పి, డబ్ల్యు కలిసిన బ-కారము. హెచ్, ఆర్ కలిసిన ల-కారము. ఇట్లు యంత్రమునుండి వెలువడిన నొక్కులను కంప్యూటరులోని నిఘంటువు క్షణములో మాటలుగా మార్చును. వ్రాయుట, చదువుట, టైపు చేయుట అను మూడు పనులు ఒక్కటియైనవి. గొలుసుకట్టుకును చేతి షార్ట్‌హ్యాండునకును గల చదువరి చిక్కు ఇచట తీరినది.

ఆంగ్లదేశములలో న్యాయస్థాన రిపోర్టరులకు నిమిషమునకు 225 మాటలు సామాన్యమైన అర్హత. 2004లో మార్కు కిస్లింగ్‌బరీ అను అమెరికను రిపోర్టరు 360 మాటల వేగమును సాధించి గిన్నిసు గ్రంథమున స్థానము పొందెను. చిరకాలము ఈ యంత్రములు బహుమూల్యములై వృత్తివారికి తప్ప ఇతరులకు అందలేదు. 2010లో మీరాబాయి నైటు అను స్టెనో లేఖకురాలును జాషువా లిఫ్టను అను ప్రోగ్రామరును ప్రారంభించిన ప్లోవర్ అను ఉచిత సాఫ్టువేరుతో ఆ స్థితి మారినది. పెక్కు మీటలను ఏకకాలమున గుర్తింపగల కీబోర్డున్నచో ఇంటివద్దనే ఈ విద్యను అభ్యసింపవచ్చును. సామాన్యపు కీబోర్డులలో కొన్ని మూడు నాలుగు మీటలకు మించి ఒక్కసారి గుర్తింపవు. అభ్యాసము మొదలిడువారు ముందుగా దీనిని పరీక్షించుకొనవలెను.

నేర్చుకొను క్రమము

ఈ విద్యను నేర్చువారికి మొదట కలుగు అనుభవము నిరుత్సాహకరమైనది. నిమిషమునకు నలుబది మాటలు టైపు చేయువాడు స్టెనోలో మొదటి వారములలో పది మాటలకు దిగును. దీనికి హేతువు వ్రేళ్ళ మాంద్యము కాదు. మాటను ధ్వనులుగా విభజించి చూచు అలవాటు లేకుండుట. మీటల స్థానములు కొలదివారములలో పట్టుబడును. ధ్వనివిభజనము నెలలు పట్టును. సంక్షేపరూపములు, అనగా తరచు వచ్చు మాటలకును పదబంధములకును ఏర్పరచుకొను ఒక్క నొక్కు గుర్తులు, ఏండ్లతరబడి పెరుగుచునే యుండును. న్యాయస్థానపు వేగమునకు చేరుటకు రెండు మూడేండ్లు, తరచు అంతకు మించియు పట్టును. సొంత వ్రాతకు టైపువేగము చాలుననుకొనువారికి అంత కాలము అక్కరలేదు.

అభ్యాసమునకు మూడు నియమములు ముఖ్యములు. మొదటిది, తప్పులేని నొక్కును ముందు సాధించి వేగమును పిదప కోరుట. తప్పు నొక్కు ఒకమారు వ్రేళ్ళకు అలవడినచో దానిని మాన్పుట క్రొత్తది నేర్చుటకన్న కష్టము. రెండవది, ఒకే పాఠమును పలుమారు వ్రాయుట. మార్కాపురపు పలకపై అక్షరములు దిద్దిన తరములకు ఈ నియమమును వేరుగ చెప్పనక్కరలేదు. గుర్తు చేతికి వచ్చువరకు దాని మీదనే దిద్దుట మన పాత బడిపద్ధతి. మూడవది, వేగము కొంతకాలము పెరుగక నిలిచిపోవునపుడు తన శక్తికి కొంచెము మించిన వేగముతో చదివించుకొని వ్రాయుట, అటుపై మరల తగ్గించి తప్పులు సరిచూచుకొనుట.

తెలుగున పలుకును ఎచట విరువవలెను?

ఇక తెలుగునకు అన్వయము. ఆంగ్లమునకు నిఘంటువు తప్పనిసరి. ఏలయన ఒకే ధ్వనికి పెక్కు వర్ణక్రమములు ఆ భాషలో కలవు. తెలుగున పలికినదానికిని వ్రాసినదానికిని అంతటి ఎడము లేదు. కావున నొక్కును నేరుగా అక్షరముగా మార్చుట సాధ్యము. ఇది మనకు గల మొదటి సౌకర్యము.

రెండవ సౌకర్యము మన వర్ణమాల అమరిక. ఐదు వర్గములు, అంతస్థములు, ఊష్మములు కలిసి ఏడు శ్రేణులు. మూడు మీటల కలయికలు కూడ ఏడే. మూడు మీటలతో శ్రేణిని నిర్ణయించి, నాదమునకు ఒక మీట, మహాప్రాణమునకు ఒకటి, అనునాసికమునకు ఒకటి చేర్చినచో క-ఖ-గ-ఘ-ఙలు ఒకే మూలపు నొక్కునకు వికారములగును. ఆరు మీటలతో హల్లులు తీరును. ఏడవ మీట య-ర-ల-వల ఒత్తులకు మిగులును. అచ్చులకు బొటనవ్రేళ్ళ నాలుగు మీటలు పదునైదు కలయికల నిచ్చును. అ-కారమును మన లిపిలోవలెనే గుర్తులేకుండ విడిచినచో మిగిలిన పదునొకండు అచ్చులును, ఋ-కారమును అందు సుఖముగా ఇముడును. ఇది లెక్క మాత్రమే. తరచు వచ్చు ధ్వనికి తక్కువ మీటలు, సులువైన వ్రేళ్ళు అను నియమమును దీనితో సమన్వయింపవలసియున్నది. న, ల, ర, డ వంటివి తెలుగున అడుగడుగునకు వచ్చును. అనునాసికము శ్రేణిలో చివరిదైనంతమాత్రమున న-కారమునకు ఎక్కువ మీటలు పెట్టుట యుక్తము కాదు.

అసలు చిక్కు వేరొకచోట కలదు. మన లిపి వచ్చు అను మాటను వ, చ్చు అని విరుచును. మన ఛందస్సు దానిని వచ్, చు అని విరుచును. అందుచేతనే సంయుక్తమునకు ముందున్న వ-కారము గురువగుచున్నది. లిపి ఒత్తును తరువాతి అచ్చుతో కట్టును; లయ దానిని ముందరి అచ్చునకు ఆనించును. స్టెనో యంత్రము వీనిలో దేనిని అనుసరింపవలెను? ఎడమచేత మొదటి హల్లు, నడుమ అచ్చు, కుడిచేత చివరి హల్లు అను అమరికకు ఛందస్సు విరుపే సహజమైనది. నాలుకయు అట్లే విరుచును. విని వ్రాయువాడు చెవిని నమ్మవలెనుగాని కంటిని కాదు.

ఈ విరుపును అంగీకరించినచో గొప్ప లాభము సిద్ధించును. ఆంగ్లమున పలుకు చివర అనేక హల్లులు, హల్లుల గుంపులు వచ్చును. అందుకే కుడిచేతికి పది మీటలు. అచ్చతెలుగు మాట నడుమ పలుకు మూతవడు రీతులలో రెండు ప్రధానములు: తరువాతి హల్లే ద్విత్వమగుట, లేదా సున్న. అక్క, చెప్పు, వచ్చు మొదటి తెగ. పండు, వంక, తెంపు రెండవ తెగ. ద్విత్వమునకు ఒక మీట, సున్నకు ఒక మీట ఉంచినచో అచ్చతెలుగులో అధికభాగము తీరును. కూర్చు, నేర్పు వంటి మాటలకును తత్సమములకును మరికొన్ని మీటలు చాలును. కుడిచేత ఇట్లు ఖాళీపడిన మీటలే తెలుగు స్టెనోకు నిజమైన ధనము. ఆ ధనమును దేనిపై వెచ్చింపవలెనో తరువాత చెప్పెదము. తెలుగువలెనే అజంతప్రాయమైన ఇటాలియను భాషలో అక్షరానుసారియైన యంత్రము నూరేండ్లకు పైగా నిలిచినదనుట ఈ మార్గమున నడచువారికి ధైర్యము నీయగలదు.

ప్రత్యయముల పొదుపు

ఒక్క అక్షరమునకు ఒక్క నొక్కు చాలునా? చాలదు. ఆంగ్ల స్టెనో పరీక్షలలో మాటయనగా సగటున 1.4 పలుకుతునకలు. 225 మాటలనగా నిమిషమునకు 315 తునకలు. తెలుగువాడు సావకాశముగా మాటలాడినను నిమిషమునకు మూడువందల అక్షరములు దొరలుట వింత కాదు. సెకనుకు ఐదు నొక్కులు ఎడతెగక నొక్కుట చేతులకు సాధ్యము కాదు. మూడు నాలుగు సాధ్యము. మిగిలినది సంక్షేపముచే పూరింపవలెను.

ఆంగ్లమున సంక్షేపము మాటలకు చేయుదురు. తెలుగున మాటలకు చేసిన ప్రయోజనము తక్కువ. ఏలయన మన మాట ఒక్క రూపమున నిలువదు. వచ్చు అను ధాతువునకు కాల, పురుష, వచన, లింగభేదములతో ఏర్పడు రూపములు, వానికి అని, అట, ఏమో, కదా వంటివి చేరగా నేర్పడు రూపములు లెక్కపెట్టిన పుటలు నిండును. వాని కన్నిటికి గుర్తులు జ్ఞాపకముంచుకొనుట అసాధ్యము. చుట్టివచ్చు ప్రత్యయములు మాత్రము పరిమితములు. చున్నాడు, చున్నది, చున్నారు, వలసినది, కొనుచు, యొక్క, గురించి, నుండి మొదలగువానికి కుడిచేతి ఖాళీ మీటలతో ఒక్కొక్క గుర్తు ఏర్పరచినచో ధాతువునకు ఒకటి రెండు నొక్కులు, ప్రత్యయమునకు ఒకటి. వచ్చుచున్నాడు అనునది వచ్, చు, చున్నాడు అని మూడు నొక్కులలో ముగియును. కీబోర్డున పదుమూడు, ఇచట మూడు. తెలుగు స్టెనో మాటల పట్టికపై కాక ధాతువు, ప్రత్యయము అను వ్యాకరణవిభాగముపై నిర్మింపబడవలెననుట ఇందువలన తేలుచున్నది.

దీనినుండియే వేగమును కొలుచు మానమును మార్చవలసియున్నది. ఆంగ్లపు మాటలెక్కతో తెలుగు లేఖకుని కొలుచుట అన్యాయము. రాజకీయవేత్తలనుగురించియేమో అను ఒక్క మాటలో పదమూడక్షరములు కలవు. నిమిషమునకు ఇన్ని అక్షరములని లెక్కించుటయే మనకు తగినది.

ఎవరి మాట నిలుచును?

ఇంతవరకు వేగమును గూర్చి చెప్పితిమి. ఇక మొదట గ్రహించిన ప్రమాణమునకు వత్తము.

ప్రత్యయమునకు ఒక్క నొక్కు అనుటలో ప్రమాదమొకటి పొంచియున్నది. వస్తున్నాడు అనుటకు రాయలసీమలో వస్తాండాడు అనుట వినబడును. కోస్తాకును సీమకును నడుమనున్న బేస్తవారిపేట వంటి చోట రెండు తీరుల పలుకుబడులును ఎదురగును. తున్నాడు అను గుర్తుకు చేయి అలవడిన లేఖకుడు తాండాడు విన్నపుడు ఏమి చేయును? అలవాటు చొప్పున తున్నాడు నొక్కును. అతడు మోసము చేయలేదు. తన చేయి దిద్దినదని అతనికే తెలియదు. నిఘంటువు నాశ్రయించిన యంత్రమైనచో ఈ దిద్దుబాటు మరింత నిశ్శబ్దముగా జరుగును: తెలిసిన మాటలోనికి తెలియని మాట కరగిపోవును. వేగము పెరిగినకొలది మాండలికము చెరిగిపోవునట్లయ్యెనేని ఆ వేగము మనకెందులకు?

ఇది ఊహాచిక్కు కాదు. మన క్రింది న్యాయస్థానములలో సాక్షి తెలుగున చెప్పినదానిని న్యాయాధిపతి ఆంగ్లమున చెప్పి వ్రాయించుట చిరకాలపు వాడుక. అచట సాక్షి మాట ఒక్కమారుగా భాషయే మారిపోవును. తెలుగుననే వ్రాయవలెనన్న కోరిక తీరినను, వ్రాసినది సాక్షి తెలుగా, లేఖకుని తెలుగా అను ప్రశ్న మిగులును. ఒక పొలము గట్టునుగూర్చిన తగవులో, ఒక బెదిరింపు మాటను నిరూపించుటలో, మాట రూపమే సాక్ష్యము కావచ్చును.

మన శాఖల పరిశోధనకును ఈ విషయము సన్నిహితము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయసంపుటము రైతు నోటిమాటను పట్టుకొని నడచినది. అట్టి సేకరణము చేయు విద్యార్థి గంటసేపు రికార్డు చేసిన సంభాషణమును కాగితముపై పెట్టుటకు దినములు గడుపును. వినుట, ఆపుట, టైపు చేయుట, మరల వెనుకకు పోవుట. సేకరించిన దానిలో పెద్దభాగము వ్రాతకెక్కక పోవుటకు ఈ శ్రమయే ప్రధానహేతువు. శీఘ్రలేఖనము నిజముగా ఉపకరింపవలసినది ఇచటనే.

మాటను విని తానే వ్రాయు కంప్యూటరు పద్ధతులు నేడు వచ్చినవిగదా, ఈ శ్రమ యేల యని కొందరు అడుగవచ్చును. అవి ఉపయోగకరములే. కాని అవియు తాము విరివిగా విన్న తెలుగువైపునకే మొగ్గును. నలుగురు కలిసి మాటలాడునపుడును, సంతలోని సద్దు నడుమను తడబడును. పైగా తన ఆలోచనను తానే మౌనముగా వ్రాసికొనువానికి అవి అక్కరకు రావు. వినికిడి లేనివారికి సభలో జరుగు ప్రసంగమును అప్పటికప్పుడు తెరపై చూపు పనిలో ఆంగ్లదేశములు స్టెనో లేఖకులను వినియోగించుకొన్నవి. యంత్రము వ్రాసినదానిని సరిచూచుటకైనను వేగముగా వ్రాయు చేయియు, నిశితముగా విను చెవియు కావలెను.

పైని చెప్పిన ప్రమాదమునకు ప్రతిక్రియ పద్ధతిలోనే కలదు. అక్షరానుసారియైన నొక్కులు పునాదిగాను, ప్రత్యయపు గుర్తులు దానిపై కట్టిన అంతస్తుగాను ఉన్నచో లేఖకుడు ఎప్పుడు కావలసినను పునాదికి దిగి తాం, డా, డు అని విన్నది విన్నట్లు వ్రాయగలడు. మాటల పట్టికయే పునాదియైనచో దిగుటకు చోటే లేదు. అంతేకాక ఒక ప్రాంతమున పనిచేయు లేఖకుడు ఆ ప్రాంతపు ప్రత్యయములకు తన గుర్తులను తాను చేర్చుకొనవలెను. తాండాడు అనుటకు తున్నాడుతో సమానమైన ఒక్క నొక్కు ఉన్నపుడు దానిని దిద్దవలెనను ప్రలోభము చేతికి కలుగదు. సులువుగా వ్రాయబడు రూపమే నిలుచును. కావున సులువును రెండు రూపములకును సమముగా పంచవలెను.

చేయవలసిన పని

పరిశోధకవిద్యార్థులకు ఇందు మూడు పనులు కలవు. మొదటిది, పుస్తకభాషనుండి కాక రికార్డు చేసిన మాటలనుండి పలుకుతునకల ఆవృత్తిని లెక్కించుట. ఏ ధ్వని ఎంత తరచు వచ్చునో తెలిసినగాని మీటల పంపకము తేలదు. మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతము రెండు మాండలికముల సరిహద్దు గావున ఇట్టి లెక్కకు మిక్కిలి అనువైన చోటు. రెండవది, ప్రాంతమువారీగా క్రియాప్రత్యయములను పట్టికకెక్కించి, సంక్షేపమునకు తగినవానిని ఎన్నుట. మూడవది, కొలదిమంది అభ్యాసకులకు ఒక పద్ధతిని నేర్పి, నిమిషమునకు అక్షరముల లెక్కన వేగమును, మాండలికరూపములు ఎన్ని చెదరక నిలిచినవో అను లెక్కన నిజాయితీని, రెండింటిని కొలుచుట. వేగమును మాత్రమే కొలిచిన పరీక్ష తెలుగునకు సగము పరీక్ష.

ఈ పనులలో దేనికిని గొప్ప యంత్రసామగ్రి అక్కరలేదు. ధ్వనిశాస్త్రము, వ్యాకరణము, ఛందస్సు తెలిసినవారు కావలెను. వారు తెలుగు శాఖలలోనే యున్నారు. టైపు ఇన్‌స్టిట్యూటునకు విడిచిపెట్టిన ఈ విద్యను శాఖ తనదిగా స్వీకరించుట యుక్తమని మా అభిప్రాయము. బృహస్పతిని బేస్తగా కుదించిన నోరు అర్థమును పోనీయలేదు. చేయియు అంతటి జాగరూకతతో కుదించినచో మాట నిలుచును.